మా ఇంటి వెనకాల బల్గేరియన్ హోటల్: పచ్చళ్ళూ పెరుగూ సూపర్, పిజ్జా మాత్రం వద్దు

బల్గేరియా రాజధాని సోఫియాకి వచ్చి మూడేళ్ళవుతోంది. ఈ మూడేళ్ళలో నేను ఎక్కువసార్లు తిన్న హోటల్ ఏదంటే మా బ్లాక్ వెనకాల ఉన్న చిన్న మెహనా. మెహనా అంటే ఇక్కడ పాతకాలం పద్ధతిలో ఉండే హోటల్, తినడానికీ తాగడానికీ రెండిటికీ అదే. ఇండియన్ రెస్టారెంట్ల గురించి మనవాళ్ళు ఎలాగూ రాస్తారు, సెంటర్‌లో విటోషా బులెవార్డ్ మీద టూరిస్టుల కోసం పెట్టినవాటి గురించి యూట్యూబ్ నిండా వీడియోలే, అందుకే నేను ఈ కాలనీ హోటల్ గురించి రాద్దామని కూర్చున్నా. పేరు మాత్రం రాయను. మెచ్చుకునేవి ఎన్ని ఉన్నాయో తిట్టేవి కూడా కొన్ని ఉన్నాయి, నడిపేది మొగుడూ పెళ్ళాం వాళ్ళ కొడుకూ, రేపు మళ్ళీ నేను తినాల్సింది కూడా అక్కడే.

మేముండే ఏరియా మ్లాదొస్త్. ఆ మాటకి యవ్వనం అని అర్థమట, బిల్డింగులు చూస్తే మాత్రం అన్నీ రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డట్టు ఉంటాయి. కమ్యూనిస్టుల టైంలో కాంక్రీట్ పలకలు తెచ్చి అతికించి కట్టిన బ్లాకులు, వీటిని పనెల్కి అంటారు. బిజినెస్ పార్క్ ఇక్కడే కాబట్టి ఐటీ జనం ఎక్కువ, మెట్రో కూడా అక్కడిదాకా వస్తుంది, మన తెలుగువాళ్ళు కూడా అక్కడక్కడ కనిపిస్తారు. రెండు బ్లాకుల మధ్య సందులోంచి వెళ్తే చిన్న గేటు, లోపల ద్రాక్ష పందిరి, పందిరి కింద ఒక పన్నెండు టేబుళ్ళు. తలెత్తితే ద్రాక్ష గుత్తులు, తల కొంచెం పక్కకి తిప్పితే విటోషా కొండ. లోపలి గదిలో ఎరుపూ నలుపూ చారల నేత గుడ్డలు పరిచి ఉంటాయి, గోడకి ఎండు మిరపకాయల దండలు వేలాడుతుంటాయి. మొదటిసారి ఆ దండలు చూసి నాకు ప్రాణం లేచొచ్చింది, అబ్బ ఇక్కడ కారం తింటారు అనుకున్నా. తినరు, అవి అలంకారం. అసలు వీళ్ళ భాషలో కారాన్ని ల్యూతో అంటారు, మ్నొగో ల్యూతో అంటే బాగా కారం అని, నేను ఎంత గట్టిగా మ్నొగో ల్యూతో అని చెప్పినా ప్లేటు పక్కన ఒక మిరపకాయ పెట్టి తెస్తారు, అంతే.

మెనూ కార్డు పెద్దది, లామినేషన్ చేసింది, ప్రతి ఐటం పక్కన గ్రాములు రాసి ఉంటాయి. సలాడ్ 350 గ్రాములు, సూప్ 300, కెబాప్చె ఒక్కోటి ఇంత అని. ఇది ఈ ఒక్క హోటల్లోనే కాదు, బల్గేరియాలో ఎక్కడికెళ్ళినా అంతే. మొన్న జూన్‌లో అమ్మానాన్న వచ్చినప్పుడు నాన్నకి అన్నిటికన్నా నచ్చింది ఇదే. ఆయన ఖమ్మంలో నలభై ఏళ్ళు కిరాణా దుకాణం నడిపిన మనిషి, తూకం అంటే ప్రాణం. మెనూ పట్టుకుని "చూసినవా, వీళ్ళు లెక్కగల్లోళ్ళు, మన దగ్గర ప్లేటు బిర్యానీ అంటడు గానీ ఎంతుంటదో చెప్పడు" అన్నాడు. వీళ్ళు కూడా పాతకాలపు షాపుని దుక్యాన్ అంటారు నాన్నా అని చెప్తే నమ్మలేదు, నేనేదో ఆయన్ని ఆటపట్టిస్తున్నా అనుకున్నాడు. నిజమే, టర్కీవాళ్ళు ఐదొందల ఏళ్ళ దాకా పాలించిన దేశం కాబట్టి తవా, మహలా, హల్వా లాంటి మాటలన్నీ ఇక్కడ కూడా ఉన్నాయి, మనకి ఉర్దూ మీదుగా వచ్చాయి వీళ్ళకి టర్కిష్ మీదుగా వచ్చాయి. అంతలో నాన్న వేలు రేట్ల దగ్గర ఆగింది. సలాడ్ ఎదురుగా 5.90 అని ఒక అంకె, దాని కింద 11.54 అని ఇంకో అంకె. "ఏందిరా, ఇందులో ఏసీ రేటు ఏది, నాన్ ఏసీ ఏది?" అన్నాడు. 2026 జనవరి 1 నుంచి ఇక్కడ యూరో వచ్చింది, అంతకుముందు లెవా ఉండేది, ఒక యూరోకి 1.95583 లెవా అని ఫిక్స్ చేశారు, జనం కన్‌ఫ్యూజ్ అవ్వకుండా అప్పట్లో రెండు రేట్లూ వేయాలని రూల్ ఉండేది. ఇదంతా చెప్పేసరికి ఆయన యూరోని వందతో గుణించేసి సలాడ్‌కి ఆరొందలా అని కార్డు మూసేశాడు. ఊరి నుంచి వచ్చిన పేరెంట్స్‌తో హోటల్‌కి వెళ్ళేవాళ్ళకి సలహా, మెనూ మీ చేతిలోనే ఉంచుకోండి.

ఇక తల ఊపుడు సంగతి. ఇది తెలియకుండా బల్గేరియాలో ఏ హోటల్‌కీ వెళ్ళకండి. వీళ్ళు అవును అనడానికి తల అడ్డంగా ఊపుతారు, కాదు అనడానికి తల పైకి ఎగరేస్తారు. చదివితే చిన్న విషయమే, కానీ మన మెడకి ఇరవై ముప్ఫై ఏళ్ళ అలవాటు ఉంటుంది కదా, పైగా మనది అటూ కాదు ఇటూ కాదు, వాలుగా ఊపే రకం. నేను మొదటిసారి ఒక్కడినే వెళ్ళినప్పుడు ఓనరమ్మ వచ్చి ఏదో అడిగింది, అందులో ష్కెంబె అనే మాట ఒక్కటి వినపడింది, అదేంటో తెలీదు కాబట్టి వద్దన్నట్టు మర్యాదగా తల అడ్డంగా ఊపా. ఆవిడ చాలా సంతోషంగా లోపలికి వెళ్ళిపోయింది. పది నిమిషాల్లో మట్టి గిన్నెలో తెల్లటి సూప్, పైన ఎర్రటి నూనె తేలుతోంది, పక్కన చిన్న సీసాలో వెల్లుల్లి నానబెట్టిన వెనిగర్, ఇంకో గిన్నెలో దంచిన మిరపకాయ. స్పూనుతో కలిపితే అడుగు నుంచి మెత్తటి ముక్కలు పైకొచ్చాయి, ఒక్క చూపుకే గుర్తుపట్టేశా, బోటీ! ష్కెంబె చొర్బా అంటే బోటీ సూప్. రాత్రి తాగి పొద్దున్నే తలనొప్పితో లేచినోళ్ళకి ఇక్కడ ఇదే మందు, పొద్దునపూట ఇది తాగడానికే వెళ్ళే హోటళ్ళు వేరే ఉంటాయి. పాలు పోసి కాస్తారు కాబట్టి చూడ్డానికి మన బోటీ కూరకి ఏ సంబంధమూ ఉండదు, కానీ ఆ వెల్లుల్లి వెనిగర్ రెండు స్పూన్లు, మిరపకాయ మూడు స్పూన్లు వేసుకున్నాక చూడాలి, గిన్నె ఖాళీ చేసి రొట్టెతో తుడిచి తిన్నా. ఆ బోటీ దేనిదో తర్వాత తెలిసింది. అమ్మ ఇలాంటివి చదవదు కాబట్టి ధైర్యంగా రాస్తున్నా.

రెండోసారి తెలివిగా తల వీళ్ళలాగే ఊపుదామని ప్రాక్టీస్ చేసి వెళ్తే ఆ రోజు సర్వ్ చేసింది కొడుకు. ఆ అబ్బాయి ఫారినర్లని చూస్తే తను వాళ్ళ పద్ధతిలోకి మారిపోతాడు. నేను బల్గేరియన్‌లో ఊపుతున్నా, అతను ఇంగ్లీషువాళ్ళలా అర్థం చేసుకుంటున్నాడు, ఇద్దరం ఎదురెదురుగా తలలు తిప్పుకుంటూ ఒక నిమిషం గడిపాం. అప్పటి నుంచి మెడ బిగించి నోటితోనే దా, నె అంటున్నా. దా అంటే అవును, నె అంటే కాదు. మనకి దా అంటే రమ్మనడం కాబట్టి ఇది కూడా కొన్నాళ్ళు వింతగానే ఉంటుంది.

అమ్మానాన్నని తీసుకెళ్ళింది శనివారం సాయంత్రం. శనివారం అని నాకు గుర్తులేదు, గుర్తుండుంటే తీసుకెళ్ళేవాణ్ణే కాదు. అమ్మ శనివారం నీచు ముట్టదు, గుడ్డు కూడా తినదు, వెంకటేశ్వరస్వామికి మొక్కు. టేబుల్ దగ్గర కూర్చున్నాక గుర్తుచేసింది. పందిరంతా గ్రిల్ పొగ, చుట్టుపక్కల టేబుళ్ళ మీద మాంసం కుప్పలు, మా ఆవిడ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. వెజిటేరియన్ అంటే ఓనరమ్మ చికెన్ అంటుందేమో అని భయం వేసి, వచ్చిన రెండు ముక్కలూ కూడగట్టుకుని "మాయ్‌కా మీ పోస్తీ" అన్నా, అంటే మా అమ్మ ఉపవాసం అని. ఈ మాట బాగా గుర్తుపెట్టుకోండి, బల్గేరియాలో శాకాహారులకి ఇంతకంటే పనికొచ్చే మాట లేదు. ఆర్థడాక్స్ క్రిస్టియన్లు క్రిస్మస్‌కీ ఈస్టర్‌కీ ముందు వారాల తరబడి మాంసం, గుడ్డు, పాలు మానేసి ఉంటారు, ఆ వంటలని పోస్త్నో అంటారు, పెద్దవాళ్ళకి ఆ మాట చెప్తే చాలు ఇంకేం వివరించక్కర్లేదు. ఓనరమ్మ మొహమే మారిపోయింది. అప్పటిదాకా పెన్ను తీసి చకచకా రాస్తున్న మనిషి అమ్మ భుజం మీద చెయ్యేసి, పోస్తీ అయితే పాలు కూడా వద్దా అని అడిగింది. పెరుగు పర్లేదు చీజ్ పర్లేదు, బెజ్ మెసో బెజ్ యైత్సా, మాంసం లేకుండా గుడ్డు లేకుండా అంటే చాలు అన్నా. ఇదేం ఉపవాసం అని ఒక్క క్షణం ఆలోచించింది పాపం, తర్వాత మెనూ మా చేతుల్లోంచి లాక్కుని తనే నిర్ణయించేసింది.

ముందు షొప్స్కా సలాడ్. టమాటా, దోసకాయ, ఉల్లిపాయ, మిరపకాయ ముక్కలు, వాటి మీద సిరెనె అనే తెల్ల చీజ్ కొబ్బరికోరులాగా తురిమి గుట్ట పోస్తారు. తెలుపు, ఆకుపచ్చ, ఎరుపు, వీళ్ళ జెండా రంగులే ప్లేటులో ఉంటాయి. ఇదేదో తాతల కాలం వంట అనుకునేరు, ప్రభుత్వ టూరిజం సంస్థ బాల్కన్‌టూరిస్ట్ హోటళ్ళలో 1950ల తర్వాత పాపులర్ అయిన ఐటం ఇది. ఇందులో కిటుకు ఏమీ లేదు, టమాటా బాగుంటే సలాడ్ బాగుంటుంది, అంతే. చలికాలంలో ఇదే హోటల్లో ఇదే సలాడ్ తింటే రబ్బరు నమిలినట్టు ఉంది. జూన్ చివర నుంచి సెప్టెంబర్ దాకా మాత్రం ఇక్కడి గులాబీ రంగు టమాటాలు వస్తాయి, ఒక్కోటి అరచేయంత, తొక్క పల్చగా, కోస్తే గింజలు తక్కువ గుజ్జు ఎక్కువ, నాటు టమాటా పులుపూ తీపీ రెండూ ఉంటాయి. నాన్న ఫోర్క్ పక్కన పెట్టి చేత్తో తిన్నాడు, ఎవరూ పట్టించుకోలేదు.

నాన్నకి రకియా చెప్పా. ద్రాక్షతోనో రేగుపండు లాంటి ప్లమ్‌తోనో ఆప్రికాట్‌తోనో బట్టీ పెట్టి తీసే సారా అనుకోండి, మామూలుగా నలభై శాతం ఆల్కహాల్ ఉంటుంది, ఊళ్ళల్లో చాలామంది సొంతంగానే కాస్తారు. ఇక్కడ పద్ధతేంటంటే రకియా భోజనానికి ముందు, సలాడ్‌తో కలిపి, చల్లగా, గంటసేపు చప్పరిస్తూ తాగాలి. మన పర్మిట్ రూం భాషలో చెప్పాలంటే షొప్స్కా సలాడ్ అనేది రకియాకి మంచింగ్. నజ్‌ద్రావె అని గ్లాసులు తగిలించేటప్పుడు ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడాలి, చూడకపోతే మర్యాద కాదు. నాన్న కళ్ళలోకి చూశాడు, నజ్‌ద్రావె అన్నాడు, 50 ఎంఎల్ ఒక్క గుటకలో దించేసి గ్లాసు టేబుల్ మీద బోర్లించాడు. పక్క టేబుల్ తాత ఒకాయన తన గ్లాసు పట్టుకుని అలాగే చూస్తుండిపోయాడు. ఓనరమ్మ మొగుడు గ్రిల్ వదిలేసి వచ్చి ఇంకో గ్లాసు పోసి, ఇది నా తరఫున, మెల్లగా మెల్లగా అని చేత్తో సైగ చేసి వెళ్ళాడు. దానికి బిల్లు వేయలేదు, చెప్పాలి కదా.

అమ్మకి వచ్చినవి వరసగా చెప్తా. మొదట క్యొపొలు. వంకాయలూ మిరపకాయలూ నిప్పుల మీద కాల్చి, తొక్క తీసి, వెల్లుల్లి, కొత్తిమీర లాంటి ఆకు, నూనె, కొంచెం వెనిగర్ వేసి నూరిన పచ్చడి. అమ్మ రొట్టెముక్కతో కొంచెం తీసుకుని నాలుక మీద పెట్టుకుని కళ్ళు మూసుకుంది. "కాల్చిన వంకాయ పచ్చడేరా ఇది, పోపు పెట్టడం మర్చిపోయిన్రు" అంది. తర్వాత ల్యూతెనిత్సా, ఎర్ర కపియా మిరపకాయలూ టమాటాలూ ఉడికించి దగ్గరగా చేసింది. సెప్టెంబర్ వస్తే మా బ్లాకులో బాల్కనీ బాల్కనీకీ మిరపకాయలు కాలుతున్న వాసన వస్తుంది, ఆ కాల్చడానికే చుష్కొపెక్ అని వీళ్ళకి ప్రత్యేకంగా ఒక కరెంటు పొయ్యి ఉంటుంది, పొడుగ్గా లోటాలాగా, అందులో మిరపకాయలు నిలబెట్టి దించుతారు. ఏడాదికి సరిపడా సీసాల్లో పెట్టుకుంటారు. మనకి ఎండాకాలం ఆవకాయ హడావిడి ఎలాగో వీళ్ళకి అది అలాగ. కానీ ఈ మిరపకాయల్లో కారం ఉండదు, తియ్యగా ఉంటాయి, అమ్మకి అదొక్కటే నచ్చలేదు, జామ్ లాగా ఉందంది, నేను కూడా కాదనలేను.

ఆ తర్వాత బోబ్ చొర్బా, తెల్ల చిక్కుడు గింజల సూప్, చిన్న మట్టికుండలో మూతపెట్టి తెచ్చారు. మూత తీయగానే పుదీనా వాసన. గింజ నోట్లో పెడితే కరిగిపోతోంది, పులుసు పల్చగా ఎర్రగా ఉంది. ఇందులో మాంసం ఎక్కడైనా ఉందేమో అని మా ఆవిడ గరిటతో అడుగుదాకా వెతికింది, లేదు. కొందరు ఇందులో సాసేజ్ వేస్తారు కాబట్టి అడిగి చెప్పించుకోవడం మంచిది. దాంతోపాటు పర్లెన్కా, కాల్చిన పల్చటి రొట్టె, మన రుమాలీకీ నాన్‌కీ మధ్యరకం, పైన వెన్న. టేబుల్ మీద చిన్న గిన్నెలో షరెనా సోల్ ఉంటుంది, అంటే రంగుల ఉప్పు, ఉప్పులో చుబ్రిత్సా అనే ఎండు ఆకూ ఎర్ర మిరప పొడీ మెంతి జాతి ఆకు పొడీ కలుపుతారు. రొట్టె ముక్క అందులో అద్దుకుని తినాలి. అమ్మకి మెంతి వాసన వెంటనే తగిలింది. బ్యాగులోంచి తన కారప్పొడి డబ్బా తీసి, ఆ గిన్నెలో సగం పోసి కలిపేసింది, అమ్మా అది వాళ్ళ గిన్నె అనేలోపే. ఓనరమ్మ వచ్చి చూసింది, వేలితో అద్దుకుని రుచి చూసింది, రెండు సెకన్లు ఏమీ మాట్లాడలేదు, తర్వాత దగ్గు, కళ్ళలో నీళ్ళు, ఆ తర్వాత నవ్వు. ఆ గిన్నె లోపలికి తీసుకెళ్ళి మొగుడికి కూడా తినిపించినట్టుంది, లోపల్నించి కూడా దగ్గు వినపడింది.

ఇంతకీ నేను ఈ హోటల్‌కి వెళ్ళేది దేనికోసమంటే పెరుగు కోసం. వీళ్ళు పెరుగుని కిసెలో మ్ల్యాకో అంటారు, అంటే పుల్ల పాలు. తరాతోర్ అని చల్లటి సూప్ ఉంటుంది, పెరుగుని నీళ్ళతో పల్చగా చేసి, దోసకాయ సన్నగా తరిగి, వెల్లుల్లి, సోయకూర, అక్రూటు పలుకులు, రెండు చుక్కల నూనె. ఐసు ముక్క కూడా వేసిస్తారు. ఇది సూప్ ఏందిరా, మజ్జిగ కదా అంది అమ్మ. మజ్జిగే. ముప్ఫై ఐదు డిగ్రీల ఎండలో మెట్రో దిగి నడిచొచ్చి ఆ గిన్నె ఎత్తితే అప్పుడు తెలుస్తుంది. పెరుగుని తోడుపెట్టే ఆ బాక్టీరియాకి పేరే ఈ దేశం మీద ఉంది, లాక్టోబాసిల్లస్ బల్గేరికస్. 1905లో జెనీవాలో మెడిసిన్ చదువుతున్న స్టామెన్ గ్రిగొరొవ్ అనే బల్గేరియా కుర్రాడు ఇంటి పెరుగుని మైక్రోస్కోప్ కింద పెట్టి కనిపెట్టాడు, ఆయన పుట్టిన స్టూడెన్ ఇజ్వోర్ అనే ఊళ్ళో పెరుగుకి మ్యూజియం కూడా ఉంది. జపాన్‌లో 1973 నుంచి బల్గేరియా అనే పేరుతోనే పెరుగు అమ్ముతున్నారు. మనం కొన్ని వందల ఏళ్ళ నుంచి తోడేసుకుంటూనే ఉన్నాం గానీ మైక్రోస్కోప్ కింద పెట్టాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు, తినేసి చెయ్యి కడుక్కున్నాం.

చివర్లో స్వీటు బదులు పెరుగే తెచ్చారు, చిన్న మట్టి గిన్నెలో, స్పూను నిలబెడితే నిలబడేంత గట్టిగా, పైన తేనె, అక్రూట్లు. పాలచింకీ అనే దోశల్లాంటివి ఉన్నాయి గానీ వాటిలో గుడ్డు ఉంటుంది. అమ్మ తేనె పక్కకి నెట్టి కింద పెరుగు స్పూనుతో కోసి చూసింది, నీళ్ళు విడవలేదు. వాసన చూసింది. ఆ తర్వాత నాకు అర్థమయ్యేలోపే నీళ్ళ గ్లాసులో రెండు స్పూన్లు వేసి టిష్యూ కప్పేసింది, ఎందుకమ్మా అంటే తోడుకి అంది. ఇంట్లో నేను ఇన్నాళ్ళూ సూపర్ మార్కెట్ డబ్బా పెరుగు తింటున్నా అని ఆవిడకి కోపం. ఆ గ్లాసు ఎలా తీసుకెళ్ళాలా అని మేం గుసగుసలాడుకుంటుంటే ఓనరమ్మ చూసి, గ్లాసు లాక్కుని, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో శుభ్రంగా వేసిచ్చింది. ఆ రాత్రి అమ్మ పాలు కాచి, వేలు ముంచి వేడి చూసి తోడేసి, టవల్ చుట్టి ఓవెన్‌లో పెట్టింది. పొద్దునకి పేరుకుంది, మన గేదె పెరుగంత కమ్మగా లేదు, కొంచెం పులుపెక్కువ, కానీ గడ్డలాగా ఉంది.

నాన్‌వెజ్ గురించి క్లుప్తంగా చెప్తా. మేమిద్దరం, నాన్న చికెన్ కవర్మా తిన్నాం. మట్టికుండలో ఉల్లిపాయ, మిరపకాయ, పుట్టగొడుగులతో మగ్గబెట్టిన కూర, పైన ఒక గుడ్డు కొట్టి పోస్తారు. మన కుర్మా, వీళ్ళ కవర్మా రెండూ ఒకే టర్కిష్ మాట నుంచి పుట్టిన కజిన్లు, అయితే మసాలాలన్నీ మనవైపు కజిన్ పట్టుకుపోయింది. అన్నం విడిగా అడిగి కలుపుకుంటే బాగుంటుంది. కెబాప్చె అంటే వేలెడు పొడుగు ఖీమా కబాబ్, జీలకర్ర వాసన ఉంటుంది, నాకిష్టం, కానీ పోర్కూ బీఫూ కలిపి చేస్తారు కాబట్టి పట్టింపు ఉన్నవాళ్ళు అడగండి. స్విన్‌స్కో పోర్క్, తెలెష్కో బీఫ్, పిలెష్కో చికెన్, అగ్నెష్కో గొర్రెపిల్ల. ఈ నాలుగు మాటలు ఫోన్‌లో నోట్ చేసుకుంటే ఏ మెనూ అయినా దాటేయొచ్చు. ఇక్కడ గ్రిల్ ఐటంలలో ఉప్పు మరీ ఎక్కువ, మూడుసార్లు చెప్పా, మూడుసార్లూ తల అడ్డంగా ఊపారు, అంటే సరే అని, మార్చలేదు.

ఇక తిట్లు. పిజ్జా. మెనూలో చివరి పేజీలో పిజ్జా, స్పఘెట్టి, చికెన్ విత్ కర్రీ అని ఉంటాయి, ఆ పేజీ తిప్పకండి. చికెన్ విత్ కర్రీ ఒకసారి ఆశపడి చెప్పా, క్రీములో పసుపు కలిపి పోశారు. సర్వీసు చాలా స్లో, కూర్చున్నాక మన వైపు చూడటానికే పావుగంట, చెయ్యి ఊపితే ఓనరమ్మకి నచ్చదు. ఇంకోటి, వంటలన్నీ ఒక వరసలో రావు, వండింది వండినట్టు తెచ్చేస్తారు, ఒకరు తిని మూతి తుడుచుకున్నాక ఇంకొకరి ప్లేటు వస్తుంది. లోపల సిగరెట్ తాగకూడదని 2012 నుంచి చట్టం ఉంది, దాంతో తాగేవాళ్ళందరూ పందిరి కిందే కూర్చుంటారు, గాలి మన వైపు ఉంటే ద్రాక్ష పందిరి అందం అంతా పొగలో కలిసిపోతుంది. పిల్లలుంటే లోపలి గదిలోనే కూర్చోండి.

అన్నిటికన్నా పెద్ద కంప్లయింట్ బిల్లు. నీళ్ళకి డబ్బులు, రొట్టె ముక్కలకి లెక్క, పక్కన పెట్టిన సాస్‌కి కూడా లెక్క, అవన్నీ మెనూలో రాసే ఉంటాయి కాబట్టి ఏమీ అనలేం. కానీ ఆ రోజు మేం చెప్పని ఫ్రెంచ్ ఫ్రైస్ కూడా బిల్లులో ఉన్నాయి, 4 యూరోలు. నేను సర్లే పోనీ అనుకున్నా, నాన్న ఊరుకుంటాడా. నలభై ఏళ్ళు చిట్టాలు రాసిన మనిషి, బల్గేరియన్ అక్షరం ముక్క రాదు, అయినా అంకెలు చూసి, టేబుల్ మీద ఖాళీ గిన్నెలు లెక్కపెట్టి, ఒకటి ఎక్కువుంది అని పట్టేశాడు. ఇలా జరగడం నాకు ఇది రెండోసారి, పొరపాటో అలవాటో తెలీదు. కొడుకు సారీ చెప్పి వెంటనే తీసేశాడు, మొహంలో మాత్రం పెద్ద ఫీలింగ్ లేదు. చివరికి నలుగురికి 62 యూరోలయింది, టిప్పు పది శాతం పెట్టాం, ఇక్కడ అది మామూలే. సెంటర్‌లో అయితే ఇంతే తిండికి ఇంకా ఎక్కువ అవుతుంది.

వెళ్దామని లేస్తుంటే స్పీకర్‌లో పాట మారింది, అప్పటిదాకా చల్గా అని వీళ్ళ మాస్ బీట్ పాటలు, ఇప్పుడు బ్యాగ్‌పైప్‌తో జానపదం ఏదో. మా ఆవిడ చిన్నప్పుడు సంగీతం నేర్చుకుంది, నిలబడే టేబుల్ మీద వేళ్ళతో కొడుతోంది, తకధిమి తకిట, తకధిమి తకిట. "అత్తమ్మా వినండి, ఏడే వస్తోంది, మిశ్రచాపు తిరగేసినట్టుంది" అంది. రచెనిత్సా అంటారు దాన్ని, ఏడు దెబ్బల డాన్సు. ఒక టేబుల్ వాళ్ళు లేచి చేతులు పట్టుకున్నారు, ఇందాకటి తాత నాన్న వైపు చెయ్యి చాపాడు, రెండో రకియా ధైర్యంతో నాన్న వెళ్ళాడు కూడా, ఏడు ఎక్కడ మొదలవుతుందో ఆయనకి అందలేదు, బతుకమ్మ చుట్టూ తిరిగినట్టు తిరిగి వచ్చేశాడు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి, మ్లాదొస్త్ అనే కాదు సోఫియాలో ఏ కాలనీలో అయినా ఇలాంటి మెహనా ఒకటి ఉంటుంది, పందిరి ఉందా, ముసలాళ్ళు కూర్చున్నారా చూసుకుని దూరిపోండి. వేసవిలో వెళ్ళండి, మెనూలో సలాడ్లు, సూపులు, మట్టికుండల పేజీల దగ్గరే ఆగండి, బిల్లు లెక్కపెట్టుకోండి. శుక్ర, శనివారాలు సాయంత్రం టేబుల్ దొరకదు, ముందే ఫోన్ చేసి చెప్పడం మంచిది. ఫోన్‌లో అయితే తల ఊపినా ఎవరికీ కనపడదు.